మహాదుర్గంలో ఒకే ఒక్క ముసలాయన

వామన్‌రావుగారి నోట "మంచిగనే ఉన్నది" అనే మాట ఒంటరిగా రాగా విన్నవాళ్ళు హైదరాబాదు పాతబస్తీ ఉప్పుగూడలో ఎవరూ లేరు. దాని వెనకాలే, రైలింజను వెనక డబ్బాలా, "గానీ" వచ్చేది. ఆ "గానీ" వెనక ఒక వంక వచ్చేది. ఆ వంక నూటికి నూరుపాళ్ళూ నిజమై ఉండేది. జనానికి ఒళ్ళు మండేది అక్కడే. అబద్ధపు వంకలు పెట్టేవాణ్ణి నాలుగు దులిపి పంపవచ్చు. నిజం వంకలు పెట్టే పెద్దమనిషిని ఏం చేస్తాం?

ఈ అలవాటు ఆయనకు సర్కారు దఫ్తరులో గుమాస్తాగిరీ చేసి రిటైరయ్యాక వచ్చింది కాదు. ఆయన భార్య రంగనాయకమ్మగారు పెళ్ళిచూపుల నాటి ముచ్చట అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెప్పేది. "మా నాయన 'పిల్ల ఎట్లున్నది బాబూ?' అని అడిగిండు. ఈయన 'పిల్ల మంచిగనే ఉన్నది గానీ, మీ దర్వాజ కిందికున్నది, ఎవ్వరికన్న తల తాకుతది' అన్నరు. అందరు నవ్విండ్రు. లగ్గం నాడు పంతులుకే తాకింది. మంత్రాలు ఇడిచిపెట్టి నెత్తి పట్టుకొని కూసున్నడు."

వీధిలో ఒక వృద్ధుడు కాలం చేస్తే పరామర్శకు వెళ్ళి కూడా ఊరుకోలేదు. "మనిషి మంచిగనే పోయిండు గానీ, ఎండకాలం పట్టపగలు పోయిండు. మోసెటోళ్ళ కాళ్ళు కాల్తయి" అన్నారు. కొడుకులు కొరకొరా చూశారు. ఆయన చల్లగా బయటికి జారుకున్నారు. ఆ వేళ వీధి పొడుగునా రోడ్డు మీద నీళ్ళు చల్లి ఉన్నాయి. ఎవరు చల్లారని ఎవరూ అడగలేదు.

రాగసుధకు ఆయన పరిచయమైంది ఇంటి కోసం వెతుకుతున్నప్పుడు. వాళ్ళది రాజమండ్రి. తండ్రి ఉద్యోగం మూలాన హైదరాబాదులో పెరిగిన పిల్ల. కంప్యూటర్లు చదివి, అందరిలా కొలువులో చేరకుండా, తోటి విద్యార్థి వేణుమాధవ్‌తో కలిసి ఒక ఆట తయారుచేయాలని బయల్దేరింది. వేణుమాధవ్ వాళ్ళకు బేగంబజార్‌లో గిన్నెల దుకాణం ఉంది. కంప్యూటర్లు పెట్టుకోవడానికి ఒక గది కావాలి. వామన్‌రావుగారి మేడ మీద ఖాళీగా ఉంది.

"రూము మంచిగనే ఉన్నది గానీ," అన్నారాయన తాళం తీస్తూనే, "రైలు పోయినప్పుడల్ల కిటికీ మాట్లాడ్తది. వానకాలం ఈ మూల కారుతది. మెట్లల్ల ఒకటి పొట్టిది, దిగేటప్పుడు జర చూసుకోవాలె."

"ఇవన్నీ ముందే చెప్తే ఎవరైనా అద్దెకు దిగుతారా బాబాయిగారూ?"

"ఇప్పటిదాంక ఎవ్వరు దిగలే" అన్నారు ఆయన, ఏ మాత్రం విచారం లేకుండా.

ఇన్ని చెప్పినవాడు ఇంకేమీ దాచి ఉండడని రాగసుధ ఆ గదే తీసుకుంది. మొదటి వాన పడిన రోజు కంగారుగా పరుగెత్తుకొస్తే, కారే మూల కింద అప్పటికే ఒక ఇత్తడి గంగాళం పెట్టి ఉంది. కంప్యూటర్లన్నీ అవతలి గోడకు జరిపి ఉన్నాయి.

ఒకసారి రంగనాయకమ్మగారు గాజులకని రాగసుధను లాడ్ బజార్‌కు వెంటబెట్టుకుపోయింది. వామన్‌రావుగారూ వచ్చారు. ఖదీర్ భాయ్ దుకాణంలో కూర్చుని ఆయన ఒక్కొక్క గాజునూ వెలుతురుకు పట్టి, "రంగు మంచిగనే ఉన్నది గానీ అతుకు కనవడ్తున్నది. అతుకు మంచిగనే ఉన్నది గానీ అద్దం వంకరున్నది" అంటూ కోడిగుడ్డుకు ఈకలు పీకుతుంటే రాగసుధకు తల కొట్టేసినట్టయింది. ఖదీర్ భాయ్ మాత్రం చాయ్ తెప్పించాడు. అంతలో ఎవరో దర్జాగా వచ్చి, ప్రతి గాజునూ ఆహా ఓహో అని పొగిడి, ఏమీ కొనకుండా వెళ్ళిపోయారు. వాళ్ళకు చాయ్ లేదు.

"ఏమనుకోకండి భాయ్, మా బాబాయిగారు అలాగే..." అని రాగసుధ నసిగింది.

"అరే, ఫికర్ నక్కో బేటీ," అన్నాడు ఖదీర్ భాయ్. "తారీఫ్ చేసెటోళ్ళు తారీఫ్ చేసి పోతరు. వంకలు పెట్టెటోళ్ళే మాల్ తీస్కపోతరు. రోజూ చూస్తున్న గదా!"

అన్నట్టే వామన్‌రావుగారు గాజులు కొన్నారు. సంచిలో వేసుకుంటూ, సంచి మంచిదే గానీ పట్టీ పొట్టిదన్నారు.

ఇక ఆట సంగతి. దాని పేరు మహాదుర్గం. ఇంటర్నెట్టు ఉన్న ఏ ఊళ్ళోవాళ్ళయినా ఒకేసారి ఆ లోకంలోకి వచ్చి, తలొక వేషం కట్టి తిరగవచ్చు. సిపాయి కావచ్చు, వైద్యుడు కావచ్చు, కుండలు చేసి అమ్ముకోవచ్చు. ఏడు రాజ్యాలు, కొండలు, ఎడారి, ఎండా వానా, సంతలు. ఒక కోట నుంచి ఇంకో కోటకు నడిచేసరికి ఆడేవాడి ఇంట్లో అన్నం చల్లారిపోతుంది. అంత పెద్ద లోకాన్ని ఇద్దరు మనుషులు సృష్టించారు. బ్రహ్మదేవుడు ఒక్కడే చేశాడు కదా అని వేణుమాధవ్ ధీమా. బ్రహ్మకు కరెంటు పోయే బాధ లేదని రాగసుధ అనేది.

చాయ్ తీసుకుని మేడ మీదికి వచ్చిన వామన్‌రావుగారు ఒకరోజు తెర ముందు నిలబడిపోయారు. రాగసుధ గర్వంగా అన్నీ తిప్పి చూపించింది. చూపించినంత సేపూ ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూనే ఉన్నారు.

"మంచిగనే ఉన్నది గానీ, అందరు పడుచోళ్ళే ఉన్నరేంది? ఇంత పెద్ద ఊర్ల ఒక్క ముసలోడు లేడా?"

"బాపూ, ఇది యుద్ధాల ఆట. ముసలోళ్ళు ఏం జేస్తరు?" అన్నాడు వేణుమాధవ్.

"యుద్ధం ఎందుకయితున్నదో ఎవ్వరికన్న యాదికుండాలె గదా!"

ఆయన నోరు మూయించడానికి వేణుమాధవ్ అప్పటికప్పుడు ఒక ముసలివేషం తయారుచేసిచ్చాడు. నల్ల షేర్వానీ, తెల్ల మీసం, చేతికర్ర. మహాదుర్గం మొత్తానికి ముసలివాడు ఆ ఒక్కడే. వామన్‌రావుగారు దఫ్తరులో టైపు మిషను మీద అరగదీసిన వేళ్ళతో టకటకా కొట్టుకుంటూ ఆ వేషంలో ఊరు చూడబోయారు. మేడ మీద ఇద్దరికీ ఆనాటి నుంచి శాంతి లేకుండా పోయింది.

"నది మంచిగనే ఉన్నది గానీ ఎత్తుకు పారుతున్నది బిడ్డా." అది రాగసుధ ఏడాదిపాటు ప్రాణం పెట్టి గీసిన నది. ఆమెకు కోపం వచ్చింది. వెళ్ళి చూస్తే నిజంగానే ఎత్తుకు పారుతోంది. "బజారు మంచిగనే ఉన్నది గానీ, దుకాణాయన గోడ దిక్కు తిరిగి నిలవడ్డడు. గాహక్ వస్తే వీపు చూపిస్తడా?" "ఒంటె మంచిగనే ఉన్నది గానీ, కాళ్ళు నేలకు ఆనుతలేవు." "రాజు పది తోడేళ్ళ తోళ్ళు తెమ్మన్నడు, తెచ్చిన. మల్ల ఇరవై తెమ్మంటున్నడు. గన్ని తోళ్ళు ఏం జేస్తడు? ఒక్క చెప్పుల జత గూడ కుట్టియ్యలే!"

వేణుమాధవ్ తల పట్టుకునేవాడు. "సుధా, ఈయనను కిందికి పంపు. లేకుంటే నేనే పోయి గిన్నెలమ్ముకుంట."

"చెప్పినవన్నీ నిజమే కదా" అనేది రాగసుధ నీరసంగా.

"అందుకే మస్తు కోపమొస్తుంది."

కొన్ని దిద్దారు. నదిని పల్లానికి మళ్ళించేసరికి తాతలు దిగొచ్చారు. కొన్ని ఎంత కొట్టుకున్నా లొంగలేదు. అన్నిటికన్నా ఘోరం దిగుడుబావి. మొదటి కోటలోకి అడుగుపెట్టగానే అందంగా కనపడుతుంది. కొత్తవాడు తిన్నగా అటే నడుస్తాడు. దాని పక్క నేల గట్టిది కాదు. కాలు పెట్టినవాడు నేలలోంచి జారి, కింద ఏమీ లేని నీలంలోకి పడి, పడుతూనే ఉంటాడు. ఆట మూసేసి మళ్ళీ మొదలుపెట్టవలసిందే.

అలాగే 2006లో ఆట జనంలోకి వెళ్ళింది. వామన్‌రావుగారికి మేడ మీద కంప్యూటరు దొరకడం మానేసింది. ఆయన రోజూ పొద్దున తమలపాకులకని బయల్దేరి మధ్యాహ్నానికి ఇల్లు చేరేవారు. తమలపాకులకు అంతసేపెందుకని రంగనాయకమ్మగారు అడగలేదు, ఇంట్లో ప్రశాంతంగా ఉందని.

ఆటకు జనం వచ్చారు. చూశారు. "సూపర్" అన్నారు. వెళ్ళిపోయారు. లోకం మరీ పెద్దదైపోయి మనిషికి మనిషి ఎదురుపడేవాడు కాదు. ఏ కాస్తమందో నిలబడ్డారు గాని, వాళ్ళు కూడా మొదటి కోట వాకిట్లోనే తచ్చాడేవారు. మిగతా ఆరు రాజ్యాల్లో పురుగు లేదు. వాకిట్లో ఏముందని అక్కడే ఉంటున్నారో వీళ్ళిద్దరికీ అంతుపట్టలేదు. వెళ్ళి చూసే తీరికా లేదు. కూలినచోట అతుకులు వేయడంతోనే పొద్దు పోయేది. చివరికి సర్వరు నడపడం తలకు మించిన భారమైంది.

అప్పుడు క్రాంతికుమార్ అనే ఆయన ఫోన్ చేశాడు. కొత్త ఆటలకు పెట్టుబడి పెట్టే మనిషి. "రేపు నేనే ఆడి చూస్తాను. పక్కన ఉండి మీరేం చెప్పొద్దు. మామూలు కొత్తవాడిలా వస్తాను, అగ్నివర్మ అనే పేరుతో. నచ్చితే మాట్లాడుకుందాం." నచ్చకపోతే మహాదుర్గం ఆ నెలాఖరుకు ఆరిపోతుంది. అంతకు మించి దారి లేదని రాగసుధకు తెలుసు.

సాయంత్రం మెట్ల దగ్గర వామన్‌రావుగారు ఎదురైతే ఆమె ఉండబట్టలేక అడిగేసింది. "బాబాయిగారూ, రేపొక పెద్దాయన మా ఆట చూస్తున్నాడు. రేపొక్కరోజు పైకొచ్చి ఏమీ అనకండి. మీ నోట వంక వింటే నాకు చేతులాడవు."

"మంచిగనే చెప్పినవు" అని ఆయన ఆగారు. రాగసుధ "గానీ" కోసం ఎదురుచూసింది. మెట్ల మీద నుంచి పొట్టిమెట్టు తప్పించుకుని ఆయన దిగిపోయిన చప్పుడే వినిపించింది. ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా వెనక్కి పిలవలేదు.

మర్నాడు పొద్దున ఇద్దరూ తెర ముందు కూర్చున్నారు. అగ్నివర్మ కోటలోకి వచ్చాడు. మెరిసే కవచం, భుజాన కత్తి. అటూ ఇటూ చూశాడు. అందరిలాగే తిన్నగా దిగుడుబావి వైపు నడిచాడు.

"అయిపోయింది" అన్నాడు వేణుమాధవ్, కళ్ళు మూసుకుని.

"కళ్ళు తెరువు వేణూ, చూడు!" అంది రాగసుధ.

బావికి అడ్డంగా ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. నల్ల షేర్వానీ, తెల్ల మీసం, చేతికర్ర. తెర అడుగున మాటలు పడుతున్నాయి, ఇంగ్లీషు అక్షరాల్లో ఉప్పుగూడ తెలుగు.

"సలాం దొరా. బావి మంచిగనే ఉన్నది గానీ, అటు పోకుండ్రి."

"ఎందుకు? రాక్షసుడున్నాడా?" అని అగ్నివర్మ అడిగాడు.

"రాక్షసుడుంటే కొట్లాడొచ్చు. అక్కడ ఏం లేదు. ఏం లేనిదానితోటి ఏం కొట్లాడ్తరు? నా ఎంబడి రండ్రి, ఊరు చూపిస్త."

పాతబస్తీలో దారి అడిగినవాడికి దారి చెప్పి పంపరు, గుమ్మం దాకా తీసుకెళ్ళి దిగబెడతారు. ముసలాయన అగ్నివర్మను అచ్చం అలాగే వెంటబెట్టుకుని బయల్దేరాడు. బజారులో అగ్నివర్మ ఆగాడు.

"ఈ దుకాణదారు గోడవైపు తిరిగి ఉన్నాడేం?"

రాగసుధ తెరకు దగ్గరగా జరిగింది. ఈ వంక ఆయన తనకు ఎన్నిసార్లు చెప్పారో!

"దుకాణం మంచిగనే నడుస్తది గానీ, ఇంట్ల లొల్లి అయింది. ఎవ్వరి మొహం చూస్తలేడు పాపం. ఎనకకెల్లి అడుగుండ్రి, కత్తి ఇస్తడు."

అగ్నివర్మ వెనక నుంచి అడిగాడు. కత్తి వచ్చింది. ముందుకు వెళ్తే ఒక ఇంట్లో, కప్పు కింద, జోరున వాన కురుస్తోంది.

"ఇదేమిటి?"

"కిరాయి ఇల్లు దొరా. మూల కారుతదని ఇంటాయన ముందే చెప్పిండు. ఈళ్ళే ఇనలే."

వేణుమాధవ్ బల్ల మీద తల ఆనించి నవ్వడం మొదలుపెట్టాడు. ఒంటె గాలిలో తేలుతూ ఎదురొచ్చింది. అగ్నివర్మ మళ్ళీ ఆగాడు. "ఒంటె మంచిదే గానీ, జర గర్వం ఎక్కువ," అన్నాడు ముసలాయన. "సుల్తాను పెంచిండు. కాలు కింద పెట్టది."

దారి పొడుగునా ఎక్కడెక్కడి వాళ్ళో పలకరిస్తున్నారు. "తాతా, సలాం!" "తాతా, ఇయ్యాల తోళ్ళ రాజు కథ చెప్తనన్నవు!" "చెప్త గానీ, ముందుగాల ఈ కొత్త పెద్దమనిషికి నది చూపిచ్చి వస్త. బావి కాడికి ఎవ్వర్ని పోనియ్యకుండ్రి." వాకిట్లో జనం ఎందుకు తచ్చాడుతున్నారో రాగసుధకు అప్పుడు తెలిసింది. ఇంటి గుట్టు లంకకు చేటని పెద్దలన్నారు. ఈయన ఆ గుట్టంతా ఇంట్లో గొంతెత్తి చెప్పి, వీధిలో ఒక్కటి బయటపెట్టకుండా రోజూ కాపలా కాస్తున్నారు.

ముసలాయన అగ్నివర్మను కొండ ఎక్కించాడు. కింద నది. మహాదుర్గంలో అప్పుడు పొద్దుగుంకుతోంది. నీళ్ళు ఎర్రగా, చక్కగా, పల్లానికే పారుతున్నాయి.

"అబ్బ!" అన్నాడు అగ్నివర్మ.

"మంచిగున్నది" అని పడింది ముసలాయన పక్కన.

మేడ మీద ఇద్దరూ "గానీ" కోసం చూశారు. రాలేదు. లైను తెగిందేమోనని వేణుమాధవ్ తీగ కదిపి చూశాడు. లైను బాగానే ఉంది.

సాయంత్రం కాకముందే ఫోను మోగింది. క్రాంతికుమార్ నది బాగుందన్నాడు, ఆలోచన చాలా పెద్దదన్నాడు. "లోపాలూ చాలా ఉన్నాయి. లోకం మరీ పెద్దది, పనులు మరీ తక్కువ. మాటిమాటికీ ఆగిపోతోంది. అదంతా సరిచేసుకోవచ్చు. కానీ ఆ ముసలాయన్ని ఎలా తయారుచేశారండీ? ఏది అడిగినా సమాధానం చెప్తాడు! ఇలాంటివాణ్ణి నేనెక్కడా చూడలేదు. ఏడు రాజ్యాల్లోనూ ఒక్కొక్కణ్ణి పెట్టగలరా? పెడతామంటే వచ్చే వారమే కాగితాలు రాసుకుందాం."

వేణుమాధవ్ పెడతామనమని చేతులతో సైగలు చేస్తున్నాడు. రాగసుధ తటపటాయించి, "ఆయన్ని మేం తయారుచేయలేదండీ. మా ఇంటి ఓనరు" అనేసింది.

అవతల పడీపడీ నవ్వాడు క్రాంతికుమార్. "అయితే వచ్చే వారం ముందు ఆయన్ని చూపించండి. కాగితాల సంగతి తర్వాత."

వామన్‌రావుగారు అప్పటికి వాకిట్లో కూర్చుని తమలపాకులకు ఈనెలు తీస్తున్నారు. రాగసుధ మెట్లు దిగి వచ్చి ఆయన ఎదురుగా కూర్చుంది.

"నోరు విప్పొద్దన్నాను కదా బాబాయిగారూ!"

"నోరెక్కడ ఇప్పిన బిడ్డా? స్టేషన్ గల్లీల నెట్ సెంటర్ల టైపు కొట్టిన."

"ఆ వచ్చినవాడే పెట్టుబడి ఆయనని మీకెలా తెలుసు?"

"గాయననా? నాకేం ఎర్క! కొత్తోడొచ్చిండు, బావి దిక్కు పోతుండు. ఊకుంటనా?"

"మా ముందేమో అన్ని వంకలు పెట్టారు. అతనికేమో ఒంటెకు గర్వమని చెప్పారు!"

"కూరల ఉప్పెక్కువైతే వండినోళ్ళకు చెప్పాలె గానీ, ఇంటికొచ్చిన సుట్టానికి చెప్తరా?" అన్నారు ఆయన.

రంగనాయకమ్మగారు లోపల్నుంచి, "ఇన్నవా? అందుకే కూరకు రోజు నన్నే వాయిస్తరు!" అంది.

రాగసుధకు ఖదీర్ భాయ్ చాయ్ గుర్తొచ్చింది. ఫోను మాటలన్నీ పూసగుచ్చినట్టు చెప్పింది. ఆట ఆగదని, వచ్చే వారం క్రాంతికుమార్ వస్తున్నాడని, ముందు బాబాయిగారినే చూడాలన్నాడని చెప్పింది. నది ఎంత నచ్చిందో, లోకం ఎందుకు పెద్దదైందో, పనులు ఎందుకు చాలవో, ఏది ఎక్కడ ఆగిపోయిందో, అతను ఎత్తిచూపిన లోపాలన్నీ ఒక్కటి మిగల్చకుండా చెప్పింది. వామన్‌రావుగారు తల ఊపుతూ మొత్తం విన్నారు. ఆకులకు సున్నం రాసి మడిచి నోట్లో పెట్టుకున్నారు.

"మనిషి మంచిగనే ఉన్నట్టున్నడు గానీ," అన్నారు తీరిగ్గా నములుతూ, "వంకలు జర ఎక్కువ పెడ్తడు."